పెట్రోల్ కొట్టించగానే బండి స్టార్ట్ కాకుండా మొరాయిస్తోందా? ఇలా వెతకండి

ఫుల్ ట్యాంక్ కొట్టించి, డబ్బులు కట్టి, తాళం తిప్పితే ఇంజిన్ గిర్రున తిరుగుతుంది గానీ అందుకోదు. వెనక నుంచి హారన్లు, బంకు కుర్రాడేమో "పక్కకు తీయండి సార్" అంటాడు. అప్పటిదాకా బాగా నడిచిన బండి కాబట్టి అందరి నోటా ఒకటే మాట, పెట్రోల్‌లో ఏదో కలిపారని. కలిపి ఉండొచ్చు, కాదనను. కానీ ఒక్కసారి ఆలోచించండి, మీరు బంకులోనే స్టార్ట్ చేస్తున్నప్పుడు ఇంజిన్‌కు మొదట అందేది పైపుల్లో, ఫిల్టర్‌లో, కార్బురేటర్ బండి అయితే దాని గిన్నెలో ముందు నుంచి ఉన్న పాత పెట్రోలే. ఇప్పుడు పోయించినది ఇంజిన్ దాకా రావాలంటే బండి కాస్త నడవాలి. అంటే బంకులోనే మొరాయించిన బండికి కల్తీ పెట్రోల్ కారణం అయ్యే అవకాశం తక్కువ, అదే ఒకటి రెండు కిలోమీటర్లు పోయాక కుదుపులతో ఆగిపోతే అప్పుడు బంకును అనుమానించడంలో అర్థం ఉంది.

అందుకే అన్నిటికంటే ముందు గమనించాల్సింది ఎప్పుడు ఇబ్బంది పెట్టిందనేది. బంకులోనా, దారిలోనా, మర్నాడు పొద్దున ఇంటి దగ్గరా? ఈ ముక్క తేల్చకుండా "పెట్రోల్ కొట్టించాక స్టార్టింగ్ ట్రబుల్ అన్నా" అని షెడ్డులో చెబితే ప్లగ్గులు మార్చి పంపిస్తారు, వచ్చే నెల మళ్లీ అదే కథ.

ముందు బండిని బంకు బయటికి తోయండి

బంకు ఆవరణలో బానెట్ ఎత్తి వైర్లు కదపడం, ప్లగ్ ఊడదీసి స్పార్క్ చూడటం, జంపర్ కేబుళ్లు తగిలించడం అస్సలు వద్దు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువైనది, నేల వెంటే పాకుతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. న్యూట్రల్‌లో పెట్టి రోడ్డు పక్కకు తోయించండి, ఇద్దరు మనుషులు చాలు.

తోశాక వెంటనే తాళం తిప్పకండి. ముందు బిల్లు చూడండి. బిల్లు మీద ఎంఎస్ అని ఉంటే పెట్రోల్, హెచ్ఎస్‌డీ అని ఉంటే డీజిల్. బిల్లు ఇవ్వకపోతే అడిగి తీసుకోండి, తర్వాత ఫిర్యాదు చేయాలన్నా అదే ఆధారం. మామూలుగా డీజిల్ నాజిల్ లావుగా ఉంటుంది కాబట్టి పెట్రోల్ కారు మూతిలో అంత తేలిగ్గా దూరదు, కానీ పెట్రోల్ నాజిల్ మాత్రం డీజిల్ కారులో హాయిగా దూరిపోతుంది. ఎక్కువగా జరిగేది కూడా అదే, డీజిల్ కారులో పెట్రోల్ పోయడం. ఒకే మోడల్ పెట్రోల్‌లోనూ డీజిల్‌లోనూ వస్తున్నప్పుడు, కుర్రాడు కొత్తవాడైతే, మీరు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే జరగడానికి ఎంతసేపు?

తప్పు ఇంధనం పడిందని తేలితే అక్కడితో ఆపేయండి. స్టార్ట్ చేయడం మాట అటుంచి, తాళం ఆన్‌లో కూడా పెట్టొద్దు, ఎందుకంటే చాలా బండ్లలో తాళం ఆన్ చేయగానే ట్యాంకులోని పంపు పని మొదలుపెట్టి ఆ ఇంధనాన్ని పైపుల్లోకి తోసేస్తుంది. ఇప్పటి డీజిల్ కార్లలో ఉండే కామన్ రైల్ ఇంజిన్‌లో హై ప్రెషర్ పంపుకు డీజిలే లూబ్రికేషన్, పెట్రోల్‌కు ఆ జిగురు ఉండదు, లోపల లోహం లోహానికి రాసుకుని ఆ పొడి ఇంజిన్‌లోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ల దాకా పోతుంది. "కొంచెమే పడింది కదా, పైన డీజిల్ పోసేస్తే సరిపోతుంది" అనేవాళ్లు ఎక్కడైనా ఉంటారు, వాళ్ల మాట వినొద్దు. స్టార్ట్ చేయకముందే ట్యాంకు ఖాళీ చేయిస్తే ఖర్చు అక్కడితో పోతుంది, స్టార్ట్ చేసి నడిపితే ఎక్కడిదాకా పోతుందో చెప్పలేం.

బిల్లు సరిగానే ఉందా, ముందుకు వెళ్దాం.

సెల్ఫ్ తిరుగుతోందా లేదా

ఇది చెవితో తేల్చే పని. తాళం తిప్పితే టక్ మని ఒక్క చప్పుడు వచ్చి ఊరుకున్నా, టకటకమని కొట్టుకున్నా, లేదా మూలుగుతూ నెమ్మదిగా తిరిగినా అది బ్యాటరీ, టెర్మినల్, సెల్ఫ్ మోటార్ వ్యవహారం, పెట్రోల్‌తో దానికి సంబంధం లేదు. ఎండాకాలం బంకు క్యూలో అరగంట ఏసీతో నిలబడి, ఆపి మళ్లీ స్టార్ట్ చేసేసరికి పాత బ్యాటరీ చేతులెత్తేస్తుంది. బ్యాటరీకి మూడు నాలుగేళ్లు దాటితే ముందు దాన్నే టెస్ట్ చేయించండి. టెర్మినల్ మీద తెల్లగా పచ్చగా పూసిన పొడి ఉంటే ఇంటికెళ్లి వేణ్నీళ్లు పోసి శుభ్రం చేసి బిగించండి.

సెల్ఫ్ హుషారుగా తిరుగుతోంది, కానీ ఇంజిన్ అందుకోవడం లేదు, లేదా అందుకుని రెండు మూడు సెకన్లు గొణిగి ఆగిపోతోంది అంటే అసలు కథ ఇక్కడే.

ఈ వెతుకులాటలో సెల్ఫ్‌ను ఒకేసారి పది సెకన్లకు మించి తిప్పకండి, మధ్యలో కనీసం అర నిమిషం ఆగండి. ఆపకుండా తిప్పితే సెల్ఫ్ మోటార్ వేడెక్కుతుంది, కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరుతుంది, ఆ తర్వాత స్టార్ట్ అయినా అది అక్కడ కాలి దాన్ని పాడు చేస్తుంది. తోసి స్టార్ట్ చేయడం కూడా పదే పదే వద్దు.

బైకులు, స్కూటర్లకు ముందు చూడాల్సిన చిన్నవి

నవ్వకండి, బంకులో ఆగిపోయిన బైకుల్లో చాలావాటికి కారణం కిల్ స్విచ్చే. బంకులో ఇంజిన్ ఆపడానికి చాలామంది కుడిచేతి బొటనవేలితో ఎర్ర స్విచ్ నొక్కుతారు, పెట్రోల్ పోయించి అది మర్చిపోయి సెల్ఫ్ నొక్కుతారు. రెండోది సైడ్ స్టాండు. ఇప్పటి బండ్లలో చాలావాటికి స్టాండు వేసి ఉంటే ఇంజిన్ అందుకోదు, ఆ సెన్సర్ మీద బురద పేరుకుంటే స్టాండు తీసినా వేసే ఉందనుకుంటుంది. కాలితో రెండు మూడుసార్లు వేసి తీయండి. కొన్ని బండ్లకు సెల్ఫ్ నొక్కేటప్పుడు క్లచ్ పట్టుకోవాలి, స్కూటర్లకు బ్రేకు పట్టాలి.

పాత కార్బురేటర్ బండి అయితే పెట్రోల్ కాక్ చూడండి. పూర్తిగా అయిపోయి ఆగిపోయిన బండిలో పెట్రోల్ పోశాక కార్బురేటర్ గిన్నె నిండడానికి కొంచెం టైం పడుతుంది. కాక్ ఆన్‌లో పెట్టి ఒక నిమిషం ఆగి కిక్ కొట్టండి, ఆ నిమిషం ఆగలేక ఇరవై కిక్కులు కొట్టి చెమటలు పట్టించుకునేవాళ్లే ఎక్కువ.

ఇక వేడి ఇంజిన్‌కు చోక్ లాగడం. ఐదు నిమిషాల క్రితం దాకా నడిచిన బండి ఇంకా వేడిగానే ఉంటుంది, దానికి చోక్ లాగితే పెట్రోల్ ఎక్కువై ప్లగ్ తడిసిపోతుంది. పెట్రోల్ వాసన గుప్పుమంటుంటే ఇదే. చోక్ ఆఫ్ చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఐదారు కిక్కులు కొట్టండి, అందుకోగానే యాక్సిలరేటర్ వదలండి. అప్పటికీ కాకపోతే ప్లగ్ ఊడదీసి గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, మళ్లీ బిగించండి. అగ్గిపుల్లతో ప్లగ్ వేడి చేసే అలవాటు కొందరికి ఉంది, చేతికి పెట్రోల్ అంటి ఉన్నప్పుడు ఆ పని ఎవరూ చేయకూడదు.

కార్బురేటర్ బదులు ఇంజెక్టర్‌తో పెట్రోల్ చిమ్మే ఎఫ్ఐ బండ్లలో, అంటే 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 బండ్లలో దాదాపు అన్నిట్లో, తాళం ఆన్ చేయగానే ట్యాంకులోంచి జుయ్ మని రెండు మూడు సెకన్ల చప్పుడు వస్తుంది. అది పంపు ప్రెషర్ ఎక్కిస్తున్న చప్పుడు. అది ఆగాక సెల్ఫ్ నొక్కండి. ఆ చప్పుడే రాకపోతే ఫ్యూజ్, రిలే, పంపు, ఈ మూడింట్లో ఒకటి.

ట్యాంకు మూత సంగతి కూడా చెప్పాలి. మూతలో గాలి లోపలికి వెళ్లే సన్నటి దారి ఉంటుంది. దుమ్ముతో, తుప్పుతో అది మూసుకుపోతే పెట్రోల్ దిగేకొద్దీ ట్యాంకులో గాలి లేని ఖాళీ (వాక్యూమ్) ఏర్పడి పెట్రోల్ కిందికి రావడం మానేస్తుంది. ఈ బండి బంకులో స్టార్ట్ అవుతుంది, కొన్ని కిలోమీటర్లు వెళ్లాక ఆగుతుంది, పది నిమిషాలు వదిలేస్తే మళ్లీ నడుస్తుంది. ఆగినప్పుడు మూత తీయండి. సుయ్ మని గాలి పీల్చిన చప్పుడు వచ్చి, ఆ వెంటనే బండి స్టార్ట్ అయితే దొంగ దొరికినట్టే. మూత శుభ్రం చేయించండి, లేదా మార్చండి.

కార్లకు పైసా ఖర్చు లేని మూడు పరీక్షలు

షెడ్డుకు వెళ్లే ముందు ఈ మూడూ చేస్తే సగం పని అయిపోతుంది.

మొదటిది యాక్సిలరేటర్ పరీక్ష. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి, క్లచ్ నొక్కి, యాక్సిలరేటర్‌ను నేలకు ఆనేదాకా తొక్కి పట్టుకుని సెల్ఫ్ తిప్పండి. ఆటోమేటిక్ అయితే గేరు పార్కులో పెట్టి, ఒక కాలు బ్రేకు మీద, ఇంకో కాలు యాక్సిలరేటర్ మీద. చాలా పెట్రోల్ ఎఫ్ఐ కార్లలో ఇలా పూర్తిగా తొక్కి తిప్పితే కంప్యూటర్ ఇంజెక్టర్లను ఆపేసి ఇంజిన్‌లోకి గాలి మాత్రమే పంపుతుంది, లోపల ఎక్కువైన పెట్రోల్ బయటికి పోతుంది. ఇలా చేస్తేనే స్టార్ట్ అయి, ఒకటి రెండు నిమిషాలు ఐడిలింగ్ ఎగుడుదిగుడుగా ఉండి, పెట్రోల్ వాసన వచ్చి, తర్వాత ఏమీ జరగనట్టు నడుస్తోందంటే ఇంజిన్‌లోకి పెట్రోల్ ఆవిరి అవసరానికి మించి వెళ్తోందన్నమాట. కారు అందుకోగానే కాలు తీసేయడం మర్చిపోవద్దు, లేకపోతే ఇంజిన్ అరుస్తుంది.

రెండోది తాళం పరీక్ష. సెల్ఫ్ తిప్పకుండా తాళం ఆన్‌లో పెట్టి మూడు సెకన్లు ఆగి ఆఫ్ చేయండి, ఇలా రెండు మూడుసార్లు చేసి అప్పుడు తిప్పండి. పుష్ బటన్ కారులో క్లచ్, బ్రేకు తొక్కకుండా బటన్ రెండుసార్లు నొక్కితే ఇగ్నిషన్ ఆన్ అవుతుంది. ఇలా చేస్తే ఒక్క దెబ్బకు స్టార్ట్ అవుతోందంటే మొదటిదానికి సరిగ్గా వ్యతిరేకం, పెట్రోల్ ప్రెషర్ చాలడం లేదు. పంపు నీరసించి ఉండొచ్చు, ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, ఆపిన తర్వాత ప్రెషర్‌ను పట్టి ఉంచే వాల్వు లీకవుతూ ఉండొచ్చు.

మూడోదాన్ని జనం పట్టించుకోరు గానీ నా లెక్కలో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. ఇంకో రోజు, అంతే దూరం నడిపి, పెట్రోల్ కొట్టించకుండా ఎక్కడో ఒక చోట పది నిమిషాలు ఆపి మళ్లీ స్టార్ట్ చేయండి. టీ తాగే టైం అనుకోండి. అప్పుడూ మొరాయిస్తే అది పెట్రోల్ కొట్టించినందువల్ల కాదు, వేడి ఇంజిన్ మళ్లీ స్టార్ట్ కాకపోవడం. ఆపిన పది నిమిషాల్లో బానెట్ కింద వేడి తగ్గదు, ఇంకా పెరుగుతుంది, అలాంటప్పుడు నీరసంగా ఉన్న క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరగడాన్ని కనిపెట్టేది), టెంపరేచర్ సెన్సర్, సెల్ఫ్ మోటార్ ఏవైనా మొండికేస్తాయి. రామగుండంలోనో విజయవాడలోనో మే నెల మధ్యాహ్నం అయితే చెప్పే పనే లేదు. అసలు చాలామంది బండి ఆపేది బంకులోనే, అందుకే నింద పెట్రోల్ మీద పడుతుంది.

టీకి ఆగినప్పుడు బాగానే స్టార్ట్ అయి, ఫుల్ ట్యాంక్ కొట్టించిన ప్రతిసారీ మొరాయిస్తూ, ఐదొందలకు కొట్టిస్తే మాత్రం ఏ గొడవా లేదంటే ఇక ఎక్కువ ఆలోచించక్కర్లేదు.

పర్జ్ వాల్వ్ అనే చిన్న ముక్క

ట్యాంకులో పెట్రోల్ ఎప్పుడూ ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరిని గాలిలోకి వదలకుండా ఒక డబ్బాలోకి పంపుతారు, దాని పేరు కానిస్టర్. లోపల బొగ్గు గుళికలు ఉంటాయి, అవి స్పాంజిలా ఆవిరిని పీల్చుకుంటాయి. ఇంజిన్ వేడెక్కి సాఫీగా నడుస్తున్నప్పుడు ఆ ఆవిరిని కొంచెం కొంచెంగా లాక్కుని కాల్చేస్తుంది. ఎప్పుడు లాక్కోవాలో నిర్ణయించే గేటే పర్జ్ వాల్వ్, కరెంటు అందినప్పుడే తెరుచుకుంటుంది, మిగతా టైమంతా మూసుకుని ఉండాలి.

అది చెత్త పడో, అరిగిపోయో కొద్దిగా తెరుచుకునే ఉండిపోయిందనుకోండి. మామూలు రోజుల్లో కంప్యూటర్ ఎలాగోలా సర్దుకుంటుంది, మీకు తెలియదు. కానీ ట్యాంకులోకి 30 లీటర్ల పెట్రోల్ వెళ్తే 30 లీటర్ల ఆవిరి, గాలి బయటికి రావాలి కదా. అందులో కొంత నాజిల్ పక్కనుంచి పోతుంది, మీకు వాసన వచ్చేది అదే, మిగతాది కానిస్టర్ దారి పడుతుంది. గేటు తెరిచే ఉంటే అక్కడినుంచి నేరుగా ఇంజిన్‌లోకి. మీరు తాళం తిప్పేసరికి లోపల ఆవిరి నిండి ఉంటుంది, దానికి తోడు ఇంజెక్టర్లు ఇంకాస్త పెట్రోల్ కొడతాయి, గాలి చాలక ఇంజిన్ అందుకోదు.

మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన కారుకు ఇదే జబ్బు. బ్యాటరీ మార్చారు, ప్లగ్గులు మార్చారు, పంపు మార్చమన్నారు. ఆయన మాత్రం "ఫుల్ కొట్టిస్తేనే వస్తోందయ్యా" అని చెబుతూనే ఉన్నాడు, వినేవాళ్లు లేరు. చివరికి అరచేతిలో పట్టే ఈ నల్ల ప్లాస్టిక్ ముక్క మార్చాక పోయింది.

దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టాల గుత్తి, అంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్ దగ్గర వెతకండి, రెండు సన్నటి పైపులు, ఒక రెండు పిన్నుల కనెక్టర్ ఉన్న ముక్క కనబడుతుంది. దొరక్కపోతే మీ మోడల్ పేరు పెట్టి యూట్యూబ్‌లో చూస్తే చోటు తెలుస్తుంది. ముందు కనెక్టర్ ఊడదీయండి, అంటే ఇక దానికి కరెంటు అందదు, మూసుకునే ఉండాలి. కానిస్టర్ నుంచి వచ్చే పైపును వాల్వ్ వైపు నుంచి మెల్లగా లాగేయండి. ఇంజిన్ స్టార్ట్ చేసి, ఆ ఖాళీ అయిన మూతి మీద వేలు ఆనించండి. వేలిని లోపలికి పీలుస్తున్నట్టు అనిపిస్తే, లేదా చిన్న కాగితం ముక్క పెడితే అతుక్కుంటే, వాల్వ్ మూసుకోవడం లేదు. ఏమీ పీల్చకపోతే అది బాగానే ఉంది. ఈ పని చేస్తున్నంతసేపు ఫ్యాను బెల్టుకు చేతులు, చున్నీలు, మెడలో గొలుసులు దూరంగా. కనెక్టర్ ఊడి ఉండగా ఇంజిన్ నడిపినందుకు చెక్ ఇంజిన్ లైటు వెలగొచ్చు, టెన్షన్ పడొద్దు, కనెక్టర్ పెట్టాక స్కానర్‌తో తీసేయొచ్చు.

కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలను ఫోన్‌లో చూపించే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఉంటే కోడ్లు కూడా చూడండి. పి 0496 వస్తే పర్జ్ అవసరానికి మించి జరుగుతోందని, పి 0441 అంటే పర్జ్ సరిగ్గా జరగడం లేదని, పి 0172 అంటే గాలితో పోలిస్తే పెట్రోల్ ఎక్కువైందని. ఏ కోడూ లేకపోయినా వాల్వ్ పాడై ఉండొచ్చు, కాబట్టి వేలితో చేసిన పరీక్షనే ఎక్కువ నమ్మండి.

బంకులో నాజిల్ పదే పదే టక్ మని కట్ అయిపోతూ, కుర్రాడు విసుక్కుంటూ చుక్కచుక్కగా పోయాల్సి వస్తోందా? అది దీని తోబుట్టువు లాంటి సమస్య. ట్యాంకులోంచి గాలి బయటికి పోయే దారి మూసుకుపోయింది. వెంట్ పైపు చివర కందిరీగలు మట్టి గూడు కట్టడం, సాలెగూళ్లు, బురద రోడ్ల దుమ్ము మామూలే, ముఖ్యంగా నెలల తరబడి కదలకుండా పెట్టిన కార్లలో.

ఆటో కట్ పడ్డాక ఇంకో చుక్క కూడా వద్దు

ఇన్నిటికీ మూలం చాలాసార్లు మన చేతిలోనే ఉంటుంది. నాజిల్ టక్ మన్నాక "రౌండ్ ఫిగర్ చేసెయ్" అనడం, మూతి దాకా కనబడేలా పోయించడం, అలా చేస్తే పెట్రోల్ ఆవిరిగా కాకుండా ద్రవంగానే కానిస్టర్‌లోకి పోతుంది. బొగ్గు గుళికలు ఒకసారి పెట్రోల్‌లో నానితే మళ్లీ మామూలు అవ్వడం కష్టం, పొడిపొడి అయి ఆ పొడే వెళ్లి పర్జ్ వాల్వ్‌లో ఇరుక్కుంటుంది. పైగా భూమిలోని ట్యాంకులోంచి వచ్చిన చల్లటి పెట్రోల్ ఎండలో వ్యాకోచిస్తుంది, 10 లీటర్లకు 10 డిగ్రీలు పెరిగితే దాదాపు 100 మిల్లీలీటర్లు, అది ఎక్కడికో ఒక చోటికి పోవాలి కదా. బైకులు కూడా అంతే, మూతి దాకా నింపి ఎండలో సైడ్ స్టాండు వేస్తే ఓవర్‌ఫ్లో పైపులోంచి కారుతుంది, కానిస్టర్ ఉన్న బండి అయితే అందులోకి చేరుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది, అక్కడి కార్లలో పెట్రోల్ పోసేటప్పుడు వచ్చే ఆవిరిని కూడా కానిస్టరే పట్టుకుంటుంది. అక్కడ గ్యాస్, అంటే పెట్రోల్, కొట్టించిన మర్నాడు చెక్ ఇంజిన్ లైటు వెలిగితే ముందు మూత టక్ టక్ మనేదాకా బిగించారా లేదా చూసుకోండి.

డీజిల్ బండ్లు, సీఎన్‌జీ బండ్లు

డీజిల్ పూర్తిగా అయిపోయి బండి ఆగాక పోయిస్తే పైపుల్లో గాలి చేరి ఉంటుంది, దాన్నే ఎయిర్ లాక్ అంటారు. ఫిల్టర్ మీద చేతి పంపు గానీ, పైపు మధ్యలో రబ్బరు బుడ్డి గానీ ఉంటే అది గట్టిపడేదాకా నొక్కండి. ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు ఉన్న కార్లకు తాళం ఆన్, ఆఫ్ నాలుగైదుసార్లు. పాత ట్రాక్టర్ల మీద చేసినట్టు కామన్ రైల్ ఇంజిన్‌లో ఇంజెక్టర్ పైపులు స్పానర్ పెట్టి వదులు చేయకండి, అక్కడ ఉండే ప్రెషర్ చర్మం చీల్చుకుని లోపలికి పోయేంత ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీద ఫిల్టర్‌లో నీళ్ల గుర్తు వెలిగితే ఫిల్టర్ కింది స్క్రూ తిప్పి నీళ్లు వదిలించాలి.

సీఎన్‌జీ కార్లకు ఒక్క మాట. కంపెనీ నుంచే సీఎన్‌జీతో వచ్చిన కార్లలో చాలావాటికి గ్యాస్ నింపే మూత దగ్గర చిన్న స్విచ్ ఉంటుంది, మూత సరిగ్గా పడకపోతే కారు స్టార్టే కాదు. దిగి ఒకసారి మూత గట్టిగా వేసి చూడండి. చాలా కార్లు ముందు పెట్రోల్ మీద స్టార్ట్ అయి తర్వాత గ్యాస్‌కు మారతాయి కాబట్టి, గ్యాస్ ఉంది కదా అని పెట్రోల్ ట్యాంకు ఎండబెట్టకండి.

దారిలో ఆగిపోతే నీళ్లేనా?

బంకు నుంచి బాగానే బయల్దేరి, కాసేపటికి పికప్ పడిపోయి, మిస్ కొడుతూ ఆగి, మళ్లీ స్టార్ట్ కాకపోతే అప్పుడు నీళ్ల అనుమానం. వర్షాకాలంలో ఎక్కువ. నీళ్లు పెట్రోల్ కంటే బరువు, ట్యాంకు అడుగుకు చేరతాయి, పంపు పీల్చేది కూడా అడుగు నుంచే. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌లో ఇంకో మెలిక ఉంది. ఇథనాల్ కొంతవరకు నీళ్లను తనలో కలుపుకుంటుంది, ఆ హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి వేరే పొరగా కిందికి దిగిపోతాయి. కొంచెం తేమకు ఏమీ కాదు, హద్దు దాటిందా ఒక్కసారిగా ఆగిపోతుంది.

తేల్చుకోవడం సులువు. మెకానిక్‌తో ట్యాంకు అడుగు నుంచి కొద్దిగా పెట్రోల్ తీయించి, శుభ్రంగా పొడిగా ఉన్న గాజు సీసాలో పోసి, మూత పెట్టి, నిప్పుకు దూరంగా అరగంట కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనబడినా, మొత్తం మసకగా ఉన్నా నీళ్లు చేరినట్టే. ట్యాంకు, పంపు వడపోత జాలీ శుభ్రం చేయించాలి, ఫిల్టర్ మార్చాలి. సీసా మాత్రం పారబోయొద్దు, ఫొటో తీసి పెట్టుకోండి.

ఇక ఇథనాల్ వల్లే స్టార్టింగ్ ట్రబుల్ వస్తోందని చెప్పేవాళ్లకు నా మాట. పాత బండ్ల రబ్బరు పైపులు, సీళ్లు దానివల్ల మెత్తబడి పాడవ్వొచ్చు, వాటిని ఒకసారి చూపించుకోవడం మంచిదే. కానీ అది నెలల మీద కనబడే వ్యవహారం, బంకులో పది నిమిషాల్లో బండి ఆగడానికి కారణం అది కాదు.

బంకు మీద అనుమానం ఉంటే

అరిచి ఉపయోగం లేదు, అడగాల్సినవి అడగండి. ఫిల్టర్ పేపర్ పరీక్ష అడిగితే ఉచితంగా చేయాలి. నాజిల్ మూతి తుడిచి పేపర్ మీద ఒక చుక్క వేస్తారు, రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోతే సరే, ముదురు మరక మిగిలితే కల్తీ అనుమానం. అయితే ఇది కిరోసిన్ లాంటివాటిని పట్టుకుంటుంది, నీళ్లను పట్టుకోదు. నీళ్ల కోసం బంకు ట్యాంకులో దించే కొలత కడ్డీకి రంగు మారే పేస్టు పూసి చూపించమనండి. డెన్సిటీ కూడా చూపించమనొచ్చు, 15 డిగ్రీల దగ్గర పెట్రోల్ ఘనపు మీటరుకు 720 నుంచి 775 కిలోల మధ్య ఉండాలి, లోడు దిగినప్పుడు రికార్డు చేసిన దానికి 3 కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. అదే టైంలో ఇంకెవరి బండ్లయినా ఆగాయేమో కనుక్కోండి, నలుగురివి ఆగితే మీ మాటకు బలం. ఫిర్యాదు పుస్తకంలో రాయండి, ఆయిల్ కంపెనీ సేల్స్ ఆఫీసర్ నంబరు బంకులో రాసి ఉంటుంది, అక్కడా పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

షెడ్డులో ఏం చెప్పాలి

ఎప్పుడు మొరాయించింది, సెల్ఫ్ ఎలా తిరిగింది, యాక్సిలరేటర్ తొక్కితే అందుకుందా, తాళం రెండుసార్లు ఆన్ చేస్తే అందుకుందా, ఫుల్‌కే వస్తోందా తక్కువ కొట్టించినా వస్తోందా, ఈ ఐదు ముక్కలూ ఒక కాగితం మీద రాసివ్వండి. పార్టు మార్చే ముందు టెస్ట్ చేసి చూపించమనండి, మార్చిన పాత ముక్కను తిరిగి అడగండి.

రిపేరు అయ్యాక మర్నాడే సగం ట్యాంకు మీద నడిపి "పోయింది" అనుకోకండి. ట్యాంకు పావు వంతుకు దిగేదాకా నడిపి, ఇంజిన్ వేడిగా ఉండగా ఆటో కట్ పడేదాకా కొట్టించి, బంకు బయట పది నిమిషాలు ఆపి అప్పుడు తాళం తిప్పండి. ఒక్క దెబ్బకు అందుకుంటేనే రిపేరు సరిగ్గా జరిగినట్టు.